సశేషము

కథ మంచి పట్టున నుండగా పుట యడుగున "సశేషము" అను మాట కనబడినపుడు కలుగు కోపమును చదువరులందఱును ఎఱుగుదురు. అది నిజమైన కోపము కాదు. నిజముగ కోపము వచ్చినవాడు ఆ పత్రికను మఱల ముట్టడు. మనమో, రాబోవు సంచిక కొఱకు తపాలా బంట్రోతు వచ్చు దారిని చూచుచు కూర్చుందుము. మనుష్యులయందలి యీ వింత స్వభావమును నమ్ముకొని 1912 మొదలు 1956 వఱకు బ్రదికిన చలనచిత్రజాతి యొకటి కలదు. అదియే సీరియలు చిత్రము. నేటి బాలురకు సీరియలనగా సాయంకాలము ఇంట పెద్దలు చూచు టెలివిజను కథ. మేము చెప్పబోవునది దానికి ముత్తవ్వ వంటిది.

దాని తీరు ఇట్టిది. ఒక పెద్ద కథను 12 మొదలు 20కి పైబడిన భాగములుగ విభజించి, వారమున కొక భాగము చొప్పున సినిమాశాలలో చూపెడివారు. ఒక్కొక్క భాగము సామాన్యముగ రెండు రీళ్లు, అనగా సుమారు 20 నిమిషములు. భాగము ముగియునప్పటికి నాయకుడో నాయికయో ప్రాణాపాయమున చిక్కుకొని యుందురు. కారు లోయలోనికి దొర్లుచుండును. లేదా రైలు దూసికొని వచ్చుచుండును. లేదా మందుగుండు పెట్టెకు తగిలించిన వత్తి చివరి జానెడు కాలుచుండును. సరిగ అప్పుడే తెఱపై "తరువాయి భాగము వచ్చు వారము" అను నక్షరములు పడును. ఇట్టి ముగింపునకు ఆంగ్లేయభాషలో "క్లిఫ్ హాంగర్" అని పేరు. కొండ యంచును పట్టుకొని వ్రేలాడునది యని దాని యర్థము. థామస్ హార్డీ యను ఆంగ్ల నవలాకారుడు 1872-73 సంవత్సరములలో ఒక మాసపత్రికకు వ్రాసిన నవలలో, ఒక పాత్రను సముద్రపుటొడ్డు కొండపై నిజముగనే వ్రేలాడదీసి చదువరులను నెలదినములు నిలువబెట్టెను. ఆ మాటకు మూల మదియే యని కొందఱందురు.

మన కృష్ణామండలమునకు దీనితో నేమి సంబంధమని విద్యార్థులు అడుగవచ్చును. సంబంధము చిన్నది కాదు. మచిలీపట్టణమున 1869లో జన్మించిన రఘుపతి వెంకయ్యగారు పిన్నవయస్సుననే మద్రాసు చేరి ఛాయాగ్రాహకులుగ పేరు గడించిరి. 1910 ప్రాంతమున వారు క్రోనోమెగాఫోను అను యంత్రమును కొనిరి. తెఱపై బొమ్మ కదలుచుండగా గ్రామఫోను పలుకునట్లు రెంటిని జతపఱచిన యంత్రమది. దానితో ఊరూర ప్రదర్శనము లిచ్చి, పిమ్మట మద్రాసులో గెయిటీ, క్రౌను, గ్లోబు అను సినిమాశాలలను నెలకొల్పిరి. ఆ శాలలలో వారు చూపిన చిత్రముల పేర్లలో మిలియన్ డాలర్ మిస్టరీ, మిస్టరీస్ ఆఫ్ మైరా, క్లచింగ్ హ్యాండ్, బ్రోకెన్ కాయిన్ అనునవి కలవు. ఈ పేర్లన్నియు అమెరికా సీరియళ్లకు సంబంధించినవే. క్లచింగ్ హ్యాండ్ అనగా ఎలేన్ అను యువతి కథలోని ముసుగు దొంగ; ప్రేక్షకులు చిత్రము పేరును మఱచి దొంగ పేరునే పట్టుకొనిరి కాబోలు. వెంకయ్యగారి కుమారుడు ప్రకాశుగారు 1921లో భీష్మప్రతిజ్ఞ తీసిరి. తెలుగు చలనచిత్ర పితామహుడని మనము గౌరవించు నాయన, 1980 మొదలు ఎవరి పేర ప్రభుత్వము పురస్కార మిచ్చుచు వచ్చినదో ఆ పెద్దమనిషి, తన స్వంత చిత్రములకంటె ముందు మన దక్షిణదేశమునకు ఈ సశేషములను పంచిపెట్టెనన్న మాట.

ఆ 1921లోనే బెజవాడలో మారుతి సినిమాశాల వెలసినది. డెల్టా గ్రామములకు మాత్రము చాలకాలము సినిమా డేరాలలోనే వచ్చెడిది. పగలు బండిపై వాద్యములు మ్రోగించుచు కరపత్రములు పంచుట, రాత్రి నేల టిక్కెట్టువారు ఇసుకలో కూర్చుండి చూచుట, ఇవి మన తాతల కాలమున చూచినవారెందఱో చెప్పగా వినియున్నాము. అవి మూకచిత్రములు. తెఱపై పడు ఆంగ్లాక్షరములు చదువలేనివారి కొఱకు ప్రక్కన నిలిచి కథ చెప్పు వ్యాఖ్యాతలుండెడివారు. అయినను, పరుగెత్తు రైలు కప్పుపై నొకడు మఱియొకని తఱుముట తెలియుటకు వ్యాఖ్యాత యెందులకు? ఎడ్డీ పోలో యను బలశాలి నటుని పేరు మద్రాసు రాజధానిలో ఆంగ్లము రాని బాలురకు సైతము కంఠస్థమైనది. బ్రోకెన్ కాయిన్ కథ 22 భాగములు. ఒక స్త్రీకి పాతవస్తువుల అంగడిలో సగము విఱిగిన నాణెము దొరకును. దానిపైని లిపిలో ఒక రాజ్యపు నిధి రహస్యమున్నది. రెండవ సగము కొఱకు ఆమె వెదకికొనుచు పోవును. ఇది అమెరికా కథయా, మన అమ్మమ్మల కథయా యన్న సందేహము కలుగక మానదు.

ఈ జాతి పుట్టినది సినిమాశాలలో గాదు, వార్తాపత్రికల కచేరీలలో. 1912లో ఎడిసన్ కంపెనీవారు స్త్రీల మాసపత్రిక నొకదానితో ఒప్పందము చేసికొని, పత్రికలో అచ్చగు మేరీ యను బాలిక కథను నెలకొక చిత్రముగ 12 భాగములు తీసిరి. ఆ భాగములు వేటికవియే ముగిసెడివి, ఉత్కంఠ తక్కువ. 1913 డిసెంబరు చివర సెలిగ్ కంపెనీవారు చికాగో ట్రిబ్యూన్ పత్రికతో గూడి కాథ్లిన్ సాహసములను 13 భాగములలో చూప నారంభించిరి. ఆపదలో భాగమును ఆపి ప్రేక్షకుని మఱల రప్పించు పద్ధతి ఇందు స్థిరపడినది. ఈ కథ జరుగునది మన దేశముననే! తండ్రికై హిందూదేశమునకు వచ్చిన కాథ్లిన్‌ను "అల్లాహా" యను రాజ్యమునకు రాణిని చేయుదురు. ఆ రాజ్యము మా భూగోళ ఉపాధ్యాయుల యే పటమునందును లేదు. పులులు, సింహములు, ఏనుగులు మాత్రము నిజమైనవి. అవి అమెరికాలో కంపెనీవారి స్వంత జంతుశాలలోనివి. మన దేశమును చూడనివారు మన దేశమునుగూర్చి తీసిన చిత్రము ఎట్లుండునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

1914లో పాథే కంపెనీవారి పాలీన్ ఆపదలు వెలువడినది. 20 భాగములు, నాయిక పెర్ల్ వైట్. సీరియలనగానే లోకమునకు జ్ఞప్తికి వచ్చు పేరు ఇదియే. కాని యందఱును తలచునట్లు పాలీన్ ప్రతివారమును కొండయంచున వ్రేలాడలేదు. ఆ చిత్రమున చాల భాగములు ఆ వారమునకు ఆ వారమే ముగియును. కీర్తి యొకరిది, పని యొకరిది యగుట చరిత్రలో సామాన్యమే. రైల్వే తంతి ఉద్యోగినియగు హెలెన్ సాహసములు 1914 మొదలు 1917 వఱకు 119 భాగములు సాగినవి. ఈ కథలలో ఒక విశేషము గమనింపదగినది. మేరీ, కాథ్లిన్, పాలీన్, ఎలేన్, హెలెన్, వీరందఱును స్త్రీలు. అమెరికాలో స్త్రీలకు దేశవ్యాప్తముగ వోటు హక్కు 1920 వఱకు రాలేదు. అంతకు ముందే తెఱపై వారు గుఱ్ఱమెక్కిరి, రైలు నడిపిరి, నదులలో దూకిరి. 1935లో బొంబాయి వాడియా సోదరులు హంటర్‌వాలీ చిత్రమున కొరడా పట్టించి నిలిపిన నాదియాగారు ఆ వంశపు మనుమరాలే. అది సీరియలు కాకపోయినను అందలి సాహసములు సీరియళ్లనుండి వచ్చినవి.

మిలియన్ డాలర్ మిస్టరీ సంగతి మఱింత చిత్రమైనది. 1914లో థాన్‌హౌజర్ కంపెనీవారు 22 భాగములు చూపి, కథను ముగింపక, ఈ రహస్యమును విప్పుడని ప్రజలనే కోరిరి. మేలైన ముగింపునకు 10,000 డాలర్ల బహుమానము. సెయింట్ లూయీ నగరమున కచేరీలో టైపు చేయు యువతికి ఆ బహుమానము లభించినది. ఆమె యూహ ననుసరించి 23వ భాగము తీయబడెను. వ్యాపారపు ఎత్తుగడయే యని కొట్టివేయవచ్చును. కాని మాకు ఇందొక సత్యము కనబడుచున్నది. ఈ భాగమునకు ఆ భాగమునకు నడుమ నున్న యేడు దినములు కంపెనీవి కావు, ప్రేక్షకునివి. కంపెనీవారు 20 నిమిషములు తీయుదురు. మిగిలిన కథను పొలము గట్టుపై, బడి మెట్లపై, నీళ్లరేవున చూచినవారే తీయుచుందురు. "వాడు చావడు" అని యొకడు, "ఎట్లు బ్రదుకును?" అని మఱియొకడు. పాఠశాలలో మేము నేర్పదలచి నేర్పలేకపోవు తర్కశాస్త్రమును ఆ ప్రశ్న నేర్పును.

ఇచ్చట కొంచెము నిలువవలసియున్నది. ప్రశ్న వేయుట సులభము. ప్రత్యుత్తరమున నిజాయితీ కష్టము. సీరియళ్లలో ఒక దుర్లక్షణము ముదిరినది. గత వారము కారు నాయకునితో గూడ లోయలో పడి భగ్గున మండినది. ఈ వారము మొదట ఆ దృశ్యమునే మఱల చూపుచు, నడుమ గత వారము లేని తునుక నొకదానిని చొప్పింతురు: కారు అంచు దాటుటకు ముందే నాయకుడు తలుపు తెఱచుకొని దూకినట్లు! వారమంతయు తల బ్రద్దలు కొట్టుకొనిన బాలుని గతి యేమి? వాడు మంచములు కలిసివచ్చునట్లుగ, పొదలు పట్టునట్లుగ, స్నేహితుడు త్రాడు విసరునట్లుగ నూఱు ఉపాయములు పన్నెను. జవాబు చూడగా లెక్కలోని అంకెలనే మార్చివేసిరి. "మొన్న నేను చూచితిని, వాడు దూకలేదు" అని యా బాలుడన్నచో, అబద్ధ మెవరిది?

మంచి సీరియలు అట్లు చేయదు. తప్పించుకొను దారిని మూడు భాగములకు ముందే ఎదుట పెట్టియుంచును. జేబులోని చిన్న అద్దమో, మొదటి భాగమున ఉపకారము పొందిన ముసలివాడో, ఏదో యొకటి మనము చూచియు మఱచినది వచ్చి ప్రాణము కాపాడును. అప్పుడు ప్రేక్షకుడు "అయ్యో, నాకు తోచలేదే" అని నవ్వుకొనును. ఓడినవాని నవ్వు అది. కాని మోసపోయినవాని నవ్వు కాదు. ఈ భేదము ఉపాధ్యాయులమగు మాకు బాగుగ తెలియును. "ఆ సంగతి రేపు చెప్పెదను" అని గంట కొట్టగానే పుస్తకము మూసి, మఱునాడు మఱచిపోయిన దినములు మాకును కలవు. బాలురు పైకి ఏమియు ననరు. కాని ఆ మఱుసటి సారి "రేపు" అన్నప్పుడు వారి కన్నులలో వెలుగు తగ్గియుండుట కనబడును.

మాటల చిత్రములు వచ్చిన తరువాత సీరియలు ముఖ్యముగ బాలుర సొత్తైనది. శనివారము మధ్యాహ్నపు ఆటకు పిల్లలను రప్పించుటకు సినిమాశాలలవారికి ఇంతకంటె చౌకయైన సాధనము లేకుండెను. యూనివర్సల్ కంపెనీ 1936లో 13 భాగములుగ తీసిన ఫ్లాష్ గోర్డన్ నాయకుడు బస్టర్ క్రాబ్, 1932 ఒలింపిక్ పోటీలలో ఈతయందు బంగారు పతకము గెలిచినవాడు. రిపబ్లిక్ కంపెనీలో లైడెకర్ సోదరులు చిన్న బొమ్మ భవనములను, బొమ్మ వాహనములను కట్టి పేల్చి నిజమనిపించెడివారు. 1941 నాటి కాప్టెన్ మార్వెల్ చిత్రమున ఆకాశమున ఎగిరినది తీగెలపై జార్చిన నిలువెత్తు బొమ్మ. దూకినవాడు మాత్రము డేవిడ్ షార్ప్ అను సాహసికుడు. పిమ్మట ఖర్చు పెరిగినది, పాత తునుకలనే మఱల మఱల అతికించుట హెచ్చినది, టెలివిజను ఇంటింటికి వచ్చినది. యూనివర్సల్ వారు 1946లో, రిపబ్లిక్ వారు 1955లో మానుకొనిరి. కొలంబియా వారి 1956 నాటి చిత్రముతో ఆ వంశము అంతరించినది. ఆ సీరియళ్లను బాల్యమున చూచి పెరిగిన జార్జి లూకాస్ 1977లో స్టార్ వార్స్ తీయునపుడు, జరిగిన కథను తెఱపై అక్షరములుగ పైకి పాఱించుట ఫ్లాష్ గోర్డన్ నుండి గ్రహించినదే.

కాని సశేషమును అమెరికావారు కనిపెట్టిరనుట తగదు. రాత్రుల వెంబడి సాగు అరబ్బీ కథలను ఎఱుగనివా రెవరు? మన గ్రామములలో పురాణము చెప్పు శాస్త్రులవారు ఎచ్చట గ్రంథము కట్టవలెనో బాగుగ ఎఱిగినవారే. పద్మవ్యూహమున అభిమన్యుడు ప్రవేశించిన రాత్రి ఊరు నిద్రపోవునా? మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు 12 సంపుటములు. మణిసిద్ధుని వెంట కాశికి వచ్చు గొల్లపిల్లవాడు, మజిలీ మజిలీకి తాను చూచిన వింతకు కథ చెప్పినగాని కదలనని నియమము పెట్టును. సినిమాశాల యజమాని శనివారము టిక్కెట్టుతో చేసిన పనిని గురువుగారు కథతో చేసిరి. పిల్లవానిని తరువాతి మజిలీ వఱకు నడిపించిరి. ఆ కథలలోనిదే యొకటి ఆధారముగ 1951లో విజయా సంస్థ పాతాళభైరవి తీసినది.

ఆ విజయా సంస్థ పెద్దలు నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1947 జూలైలో చందమామ పత్రికను స్థాపించిరి. తెలుగుదేశమున సీరియలు చిత్రములకు నిజమైన తమ్ముడు సినిమాలో గాక ఆ పత్రిక పుటలలో పెరిగెనని మా యభిప్రాయము. తెనాలి ప్రాంతమునకు చెందిన దాసరి సుబ్రహ్మణ్యంగారు 1952లో ఆ పత్రికలో చేరి, 1954లో తోకచుక్కతో ప్రారంభించి, మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గము మొదలుకొని భల్లూక మాంత్రికుని వఱకు 12 ధారావాహికలు వ్రాసిరి. చిత్రగారి రంగుల బొమ్మ, దాని ప్రక్క కథ, చివర కుండలీకరణములలో "ఇంకా ఉంది" అను రెండు మాటలు. ఆ కథలపై దాసరివారి పేరు ఉండెడిది కాదు. లక్షలాది బాలురను నెల నెలా కొండయంచున వ్రేలాడదీసినవా రెవరో ఆ బాలురకు తెలియదు. ఆయన 2010లో విజయవాడలో పరమపదించిరి. మన ఊరిలో అంతటివాడున్నాడని మనలో ఎందఱ మెఱిగితిమి?

మా తండ్రిగారు తమ చిన్ననాటి చందమామలను ఏడాది కొక సంపుటముగ కుట్టించి దాచిరి. ఏలూరు కాలువ గట్టుమీది మా యింటిలో వేసవి సెలవులన్నియు వానితోనే గడచెడివి. ఒక సంపుటమున ఒక నెల సంచిక లేదు. ఎవరో అడిగి తీసికొనిపోయి తిరిగి ఈయలేదట. ముందు నెలలో నాయకులు తప్పించుకొనరాని చోట చిక్కిరి. తరువాతి నెలలో క్షేమముగ వేఱొక అడవిలో నడచుచున్నారు. నడుమ నేమి జరిగినది? మేమును మా తమ్ముడును ఆ లేని సంచికను ఎన్ని విధముల వ్రాసికొంటిమో లెక్క లేదు. ఇటీవల ఆ సీరియళ్లు పుస్తకములుగ మఱల వెలువడినపుడు, నలుబది దాటిన వయస్సున, ఆ పుట తెఱచితిమి. దాసరివారి యుపాయము మా ఉపాయములన్నిటికంటె సులభమైనది, న్యాయమైనది. దానికి కావలసిన వస్తువు మా కడనున్న సంచికలోనే ఉండెను. మేము చూడలేదు. ఆ కథ పేరు ఇచ్చట చెప్పము. మా గ్రంథాలయమున ఆ పుస్తకము కలదు, చదువవలసినవా రింకను చాలమంది యున్నారు.

పెద్దలు ఇట్టి కథలను ఎన్నడును మెచ్చలేదు. సినిమాలవలన బాలురు చెడుదురా, నేరములు పెరుగునా యను ప్రశ్నలు ఆ కాలముననే ప్రభుత్వమువఱకు పోయినవి. 1927లో మద్రాసు న్యాయవాది రంగాచారియారుగారి అధ్యక్షతను ఏర్పడిన విచారణసంఘము దేశమంతయు తిరిగి సాక్ష్యము తీసికొని 1928లో నివేదిక సమర్పించినది. మా మిషను పాఠశాలలలోను సినిమా చూచినవానికి బెత్తము తప్పని దినములు కలవు. పెద్దల భయము ఊరక పుట్టినది కాదు. కొట్లాటయే పరిష్కారమని నేర్పు కథలు, తమకు నచ్చని జాతివారినెల్ల దుష్టులుగ చూపు కథలు ఆ సీరియళ్లలో కొల్లలు. కాథ్లిన్‌ను పీడించు దుర్మార్గులు మన దేశస్థులే యని మఱువరాదు. దానిని మేము సమర్థింపము. కాని వారు సశేషమును గూడ దోషముగ నెంచిరి. అది మాత్రము పొరపాటని తోచుచున్నది. కథలోని విషము వేఱు, కథ ఆగిన చోట బాలునిలో పుట్టిన యోచన వేఱు.

మన కన్నుల యెదుటనే ఆ యోచన దేశమంతయు ఎట్లు వ్యాపించెనో చూచితిమి. 2015 జూలై 10వ తేదీన విడుదలయైన బాహుబలి మొదటి భాగము కట్టప్ప కత్తితో ముగిసినది. రెండవ భాగము 2017 ఏప్రిల్ 28న గాని రాలేదు. 21 నెలలకు పైగా "కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపెను?" అని బస్సులలో, పెండ్లిపందిళ్లలో, తెలుగు రాని రాష్ట్రములలో సైతము అడుగుకొనిరి. మా తరగతిలో ఆ కాలమున ఒక విద్యార్థి పదునొకండు కారణములు వ్రాసి చూపెను. చరిత్ర పరీక్షలో పానిపట్టు యుద్ధమునకు మూడు కారణములు వ్రాయలేనివాడు! వెంకయ్యగారి గెయిటీలో కూర్చున్న బాలుడును వాడును ఒకే బెంచీవారని మాకు తోచినది.

ఇప్పుడు కథలన్నియు ఒక్కమాఱే చేతికి వచ్చుచున్నవి. ఎనిమిది భాగములు రాత్రి మొదలుపెట్టి తెల్లవాఱునప్పటికి ముగించి, కన్నులు నులుముకొనుచు బడికి వచ్చువారిని మేమెఱుగుదుము. వానిలోను ప్రతి భాగము కొండయంచుననే ఆగును. కాని క్షణములో తరువాతి భాగము దానంతట అదియే వచ్చి చేయి అందించును. వ్రేలాడుటకు వ్యవధి లేదు. తల్లిదండ్రులు మాతో మొఱపెట్టుకొనునది నిద్ర పోయినదని. మేము దానికి తోడుగ ఆ నడిమి యేడు దినములును పోయినవని చింతించుచున్నాము.

ఆ చింతతోనే ఈ సంవత్సరము ఎనిమిదవ తరగతిలో శుక్రవారపు చివరి గంటయందు, ఆదికాండములోని యోసేపు కథను వారమున కొక అధ్యాయము చొప్పున చదువ నారంభించితిమి. 37వ అధ్యాయమున అన్నలు అతనిని గోతిలో పడద్రోసి, వర్తకులకు అమ్మి, రక్తములో ముంచిన అంగీని తండ్రికి పంపుదురు. యోసేపు ఐగుప్తున పోతీఫరునకు అమ్మబడును. అచ్చట కథ తెగును. 38వ అధ్యాయము యోసేపు మాట యెత్తదు, ఆతని యన్న యూదా కథలోనికి పోవును. ఆ గ్రంథము పఠించినవారికి ఇది నూతనము కాదు. కాని బాలురతో కలిసి చదువునప్పుడు, ఇంత పాత కథకుడు ఇంత ధైర్యముగ చదువరిని నిలువబెట్టెనా యని మాకే ఆశ్చర్యము కలిగినది. పుస్తకము మూసి, "తరువాత నేమి జరిగియుండునో వచ్చు శుక్రవారమునకు ఒక పుట వ్రాసికొని రండు" అంటిమి.

చాలమంది యోసేపు సంకెళ్లు తెంచుకొని పాఱిపోయినట్లు వ్రాసిరి. ఒకడు ఒంటెల బారును దొంగలచే దోపించెను. వసతిగృహమున నుండు బాలుడొకడు మాత్రము యోసేపును విడిచి తండ్రి కథ వ్రాసెను. యాకోబు ఆ అంగీని నమ్మలేదట. రక్తమును వాసన చూచి ఇది మేకపిల్లదని కనిపెట్టి, చేతికఱ్ఱ పట్టుకొని ఆ రాత్రియే ఐగుప్తునకు బయలుదేరెనట. ఆ బాలుని తండ్రి పనికై దూరదేశము పోయి చాలకాలమైనది. ఆ సంగతి మాకు తెలియును. తరగతిలో ఆ పుటను పైకి చదివింపలేదు.

ఆ శుక్రవారము 39వ అధ్యాయము చదివితిమి. గంట కొట్టిన తరువాత అందఱును పోయినను ఆ బాలుడు బల్లయొద్ద నిలిచియుండెను.

"వాళ్ల నాన్న వస్తాడాండీ, మాస్టారూ?"

సీరియలు ధర్మము ప్రకారము మేము నవ్వి, వినిన తెలియునని చెప్పి పంపవలెను. ఆ నడిమి దినముల గొప్పతనమును ఇంత దూరము వర్ణించినవారమును మేమే గదా. కాని వాని ముఖము చూచి అట్లు చేయలేకపోతిమి. వచ్చునని చెప్పితిమి. 46వ అధ్యాయమున, బండ్లు కట్టుకొని, కుటుంబమంతటితో వచ్చునని చెప్పితిమి. వాడు వ్రేళ్లు మడచి లెక్కించెను. "ఇంకా ఏడు శుక్రవారాలండీ," అనెను. నడుమ క్రిస్మసు సెలవులున్నవని జ్ఞాపకము చేసితిమి. అయితే తొమ్మిదని దిద్దుకొని, సంచి భుజమున వేసికొని వెడలిపోయెను.